కొండ పరుగుకి కోర్ వ్యాయామాలు పనికొస్తాయా, కాళ్ల బలమే చాలా?

ఏటవాలు:
కొండ పరుగు మొదలుపెట్టిన వాళ్లకి అందరూ చెప్పే మాట "ముందు కోర్ గట్టిపరుచుకోండి" అని. కోర్ అంటే మొండెం నడిమి భాగాన్ని పట్టి ఉంచే కండరాలు. ఎందుకో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. పరుగు పోగా వారంలో బలం వ్యాయామాలకి మిగిలేది మహా అయితే 40 నిమిషాలు. అందులో ప్లాంకులకి (మోచేతుల మీద, కాలివేళ్ల మీద ఒంటిని కర్రలా నిలిపి ఉంచడం) ఒక్క నిమిషం కూడా ఇవ్వనక్కర్లేదని నా వాదన.

2004లో స్టాంటన్ బృందం కొందరు కుర్రాళ్ల చేత ఆరు వారాలు స్విస్ బాల్ (గాలి నింపిన పెద్ద బంతి) మీద సాధన చేయించింది. కోర్ నిలకడ పెరిగింది. గరిష్ఠ ఆక్సిజన్ వాడకం గానీ, పరుగుకి అయ్యే శక్తి ఖర్చు గానీ మారలేదు. 2008లో స్టోరెన్ బృందం ఎనిమిది వారాల పాటు బరువైన హాఫ్ స్క్వాట్లు (బరువు మోస్తూ సగం దాకా కూర్చుని లేవడం) చేయించింది. వారానికి మూడుసార్లు, నాలుగు సెట్లు, సెట్‌కి నాలుగే సార్లు. ఒకే వేగంలో పరిగెత్తడానికి అయ్యే ఖర్చు 5 శాతం దాకా తగ్గింది. ఎక్కేటప్పుడు ఒంటిని పైకి నెట్టేవి పిరుదులు, తొడలు, పిక్కలు. కడుపు కండరం ఎవర్నీ కొండ ఎక్కించదు.

దిగుడుబాట:
ఏటవాలు గారూ, ఆ రెండూ కొండ మీద కొలిచినవి కావు. ఇంకోటి, 2009లో సాటో, మోఖా చేసిన అధ్యయనంలో ఆరు వారాల కోర్ సాధనతో 5000 మీటర్ల సమయం మెరుగైంది. నేలను తన్నే బలాల్లో మాత్రం మార్పు కనబడలేదు. అంటే లాభం ఏ దారిన వచ్చిందో అందులో తేలలేదు. కాబట్టి దాన్ని పట్టుకుని నేను గెలిచానని అనను. నా వాదన వేరే చోట ఉంది.

మీరు ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. ఎక్కినంతా దిగాలి కదా. 2002లో మినెట్టి బృందం 45 శాతం ఎక్కుడు నుంచి 45 శాతం దిగుడు దాకా ఖర్చు కొలిచింది. దాదాపు 20 శాతం దిగుడు దగ్గర పరుగు ఖర్చు అన్నిటికంటే తక్కువ. ఆ వాలులో ఊపిరికి ఢోకా ఉండదు, చేతులెత్తేసేది కండరమే.

ఒక్క అడుగు తీసుకోండి. కుడిపాదం రాయి మీద పడింది. అది నేల మీద ఉండేది పావు సెకను. ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు భారం ఆ ఒక్క కాలి మీదే. ఎడమ తుంటి కిందకి జారబోతుంది. జారకుండా పట్టేవి రెండు: కుడి తుంటి పక్కనున్న గ్లూటియస్ మీడియస్, ఎడమవైపు పక్కటెముకల నుంచి కటి దాకా ఉండే క్వాడ్రేటస్ లంబోరమ్. ఇవి అలిసిపోతే ఎడమ తుంటి జారుతుంది, కుడి మోకాలు లోపలికి వాలుతుంది, పాదం లోపలి అంచు మీదకి ఒరుగుతుంది. పడిపోకుండా మొండెం కుడివైపుకి ఊగుతుంది, చేతులు రెక్కల్లా విచ్చుకుంటాయి. తర్వాతి అడుగు అనుకున్న రాయి మీద పడదు. గంట దిగుడులో ఇలాంటి అడుగులు వేలల్లో ఉంటాయి. ఆ ఊగుడుని ఆపేదాన్నే నేను కోర్ అంటున్నాను. ఆరు పలకల కడుపుతో నాకు పనిలేదు.

ఏటవాలు:
వర్ణన బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన రెండిట్లో మొదటిది తుంటి కండరం. ఒంటికాలి మీద చేసే స్టెప్ డౌన్ (మెట్టు మీంచి మెల్లగా దిగడం), ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (ఒక కాలి మీద ముందుకు వంగి బరువు ఎత్తడం) దాన్ని ఎలాగూ బలపరుస్తాయి. దాన్ని కోర్ ఖాతాలో రాసుకుంటే కోర్ గెలిచినట్టే కనిపిస్తుంది మరి!

పైగా దిగుడులో అసలు నష్టం తొడ ముందు కండరాలకి. భారం మోస్తూ సాగాలి కాబట్టి వాటి పోగులు దెబ్బతింటాయి. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. దానికి మందు దిగడమే. ఒక్కసారి గట్టిగా దిగితే ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. ఎన్ని ప్లాంకులు చేసినా ఆ రక్షణ రాదు.

ఊపిరిలెక్క:
ఎక్కుడు విషయంలో ఏటవాలు గారు ఒకటి వదిలేశారు. నిటారు ఎక్కుడులో 40 నిమిషాలు దాటాక చాలామంది నడుము దగ్గర మడతపడతారు. ముందుకు వాలడం తప్పు కాదు, వాలాలి. అయితే ఆ వాలు చీలమండ దగ్గర మొదలై మడమ నుంచి తల దాకా ఒకే గీతలో ఉండాలి. నడుము దగ్గర మడిస్తే పొట్ట నొక్కుకుపోయి డయాఫ్రమ్‌కి (ఊపిరితిత్తుల కిందుండే ఊపిరి కండరం) కిందకి దిగే చోటు ఉండదు. ఊపిరి పైపైన, గబగబా ఆడుతుంది. తుంటి ముందే మడతలో ఉండటంతో పిరుదులు కాలిని పూర్తిగా వెనక్కి నెట్టలేవు. ఆ భారమంతా నడుము వెనక కండరాల మీద పడుతుంది. పైకి చేరాక "కాళ్లు బాగానే ఉన్నాయి, నడుమే పోయింది" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

డయాఫ్రమ్‌కి రెండు పనులు: ఊపిరి లాగడం, పొట్టలో ఒత్తిడి నిలిపి వెన్నుకి ఊతమివ్వడం. ఆయాసం పెరిగేకొద్దీ శరీరం ఊపిరికే ఓటేస్తుంది, వెన్నుకి ఊతం తగ్గుతుంది. అందుకే ఊపిరి బిగబట్టి చేసే ప్లాంక్ కొండకి పనికిరాదు. ప్లాంక్‌లో ఉండి మామూలుగా పది ఊపిర్లు తీసుకోలేకపోతే అక్కడే ఆపేయాలి.

ఇనుపగుండు:
ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఎవరికి ఏది తక్కువో చూడకుండా వాదిస్తే తేలదు. ముందు రెండు పరీక్షలు చేసి చూడండి.

ఒకటి: 20 సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలకి తాకేదాకా మూడు సెకన్లలో దిగి, మళ్లీ లేవాలి. పది సార్లు. ఫోన్‌తో ఎదుట నుంచి వీడియో తీయాలి, అద్దం చాలదు. మోకాలు బొటనవేలి గీత దాటి లోపలికి వచ్చిందా, తుంటి ఒకపక్క జారిందా, మొండెం పక్కకి ఒరిగిందా చూడాలి.

రెండు: సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి ఒక మోచేతి మీద ఒంటిని నిలపడం), కుడికీ ఎడమకీ విడిగా, సెకన్లు లెక్కపెట్టి. ఒకపక్క 60, ఇంకోపక్క 35 వస్తే ఆ తేడానే ముందు సరిచేయాలి.

మోకాలు వణికి, సైడ్ ప్లాంక్ బాగుంటే ఏటవాలు గారి దారి: కాళ్ల మీదే పనిచేయండి. మోకాలు నిలబడి మొండెం ఊగితే దిగుడుబాట గారి దారి. రెండూ పోతే కాళ్లతో మొదలుపెట్టాలి. ఎందుకంటే ఒంటికాలి పనిలో మొండెం కూడా కొంత పని చేస్తుంది. ప్లాంక్‌లో కాళ్లకి ఆ లాభం లేదు.

కోర్ పని కావాలని తేలితే వారానికి రెండుసార్లు, 15 నిమిషాలు, ఈ నాలుగు చాలు:

డెడ్ బగ్: వెల్లకిలా పడుకుని ఎదురెదురు చేయీ కాలూ చాపాలి, వైపుకి 6, మూడు సెట్లు. నడుము కింద అరచేయి దూరేంత సందు వచ్చిందంటే కాలు మరీ కిందకి దించారని అర్థం. అక్కడిదాకా దించకండి.

సైడ్ ప్లాంక్: 10 సెకన్లు పట్టి, 3 సెకన్లు వదిలి, వైపుకి 5 సార్లు. అది తేలికయ్యాక పైకాలు ఎత్తి చేయాలి, అప్పుడు గ్లూటియస్ మీడియస్ కూడా పనిలోకి వస్తుంది. భుజం చెవి వైపు కుంగిపోతే సెట్ అయిపోయినట్టే.

ఒకచేతి బరువు నడక: ఒంటి బరువులో ఐదో వంతుతో మొదలుపెట్టి, ఒక్క చేత్తో పట్టుకుని 30 మీటర్లు నిటారుగా నడవాలి. చేతికి మూడుసార్లు. అందరూ చేసే తప్పు, బరువుకి ఎదురువైపు ఒరిగిపోవడం. అప్పుడు పని కండరం చేయదు, వాలు చేస్తుంది. నాలుగిట్లో ఒక్కటే చేయగలిగితే నేను దీన్నే ఎంచుకుంటాను, క్వాడ్రేటస్ లంబోరమ్‌కి నడుస్తుండగానే పని పడుతుంది కాబట్టి.

పాలాఫ్ ప్రెస్: రబ్బరు బ్యాండ్ పక్క నుంచి లాగుతుంటే, రెండు చేతులూ ఛాతీ నుంచి ముందుకు చాపి 3 సెకన్లు ఆగాలి. వైపుకి 8, రెండు సెట్లు. తుంటి బ్యాండ్ వైపు తిరిగితే అది మరీ బిగువుగా ఉన్నట్టు.

నాలుగు నిమిషాల ప్లాంక్ వల్ల ఓర్పు తెలుస్తుందేమో గానీ, కొండ మీద మొండెం నాలుగు నిమిషాలు కదలకుండా ఎప్పుడూ ఉండదు. 30 సెకన్లు తేలికైతే సమయం పెంచకండి, ఒక కాలు ఎత్తండి.

తొలిమలుపు:
ఇవి పరుగుకి ముందా, తర్వాతా? వార్మప్‌లో కలిపేయొచ్చా?

దిగుడుబాట:
డెడ్ బగ్ ఒక సెట్ వార్మప్‌లో పరవాలేదు. మిగతావి దిగుడు సాధనకి ముందు చేయకండి. అలిసిన నడుముతో రాళ్ల మీద దిగితే, నేను పైన చెప్పిన అడుగుని చేతులారా తెచ్చుకున్నట్టే. గట్టి పరుగు ఉన్న రోజునే కొన్ని గంటలు గడిచాక, సాయంత్రం చేసుకుంటే మర్నాడు పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. పోటీకి వారం ముందు కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టొద్దు.

ఏటవాలు:
ఇనుపగుండు గారి పరీక్ష నాకు నచ్చింది. "ఒక్క నిమిషం కూడా ఇవ్వనక్కర్లేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే 40 నిమిషాల్లో కనీసం 25 కాళ్లకే అన్నది వదలను: స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి కిందకి దిగి లేవడం), స్టెప్ డౌన్, పిక్కల కోసం మడమ ఎత్తడం. పిక్కలకి మోకాలు చాపి ఒక సెట్, కొద్దిగా వంచి ఒక సెట్ ఉండాలి. వంచినప్పుడే పిక్క లోపలున్న సోలియస్ కండరం మీద ఎక్కువ భారం పడుతుంది. నిటారు ఎక్కుడులో దానికీ గట్టి పని పడుతుంది.

ఇంకో సందేహం. రెండు లీటర్ల నీళ్ల సంచి వీపున వేసుకుని దిగేవాళ్లకి మొండెం ఊగేది కోర్ వల్లనా, సంచి వల్లనా?

ఇనుపగుండు:
తేల్చడం తేలికే. ఒకే 300 మీటర్ల దిగుడు రెండుసార్లు వీడియో తీయండి, సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి. సంచితోనే ఊగితే ముందు ఛాతీ పట్టీలు బిగించండి. లోపలి నీళ్ల తిత్తిలో గాలి మిగిలితే నీళ్లు కొట్టుకుంటాయి, తిత్తిని తలకిందులు చేసి గొట్టంలోంచి ఆ గాలి పీల్చేయండి. రెండు వీడియోల్లోనూ ఊగితే ఒకచేతి బరువు నడక మొదలుపెట్టి, ఆరు వారాలయ్యాక అదే దిగుడులో మళ్లీ తీయండి.