పాత ఏఎం4 బోర్డు మీదే రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్ పెట్టవచ్చా?

నేనే బిగించుకున్న డెస్క్‌టాప్ ఇది: రైజెన్ 5 2600 ప్రాసెసర్, దాన్ని బిగించే ఏఎం4 సాకెట్ ఉన్న బి450 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటే స్టిక్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల పవర్ సప్లై. ఆటల జోలికి పోను. డావిన్చి రిజాల్వ్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఇప్పుడు అందరూ 4కే అడుగుతున్నారు. కలర్ పేజీలో రెండు ఎఫెక్టులు వేసేసరికి గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందంటూ ఆగిపోతోంది.

ర్యామ్ విషయంలో సందేహం లేదు, 16 జీబీవి రెండు కొంటాను. ఆ తర్వాత ముందుగా ప్రాసెసర్ మార్చి 5700ఎక్స్ పెట్టాలా, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలా? నా మనసు కార్డు వైపే ఉంది. కానీ అది 170 వాట్లు లాగుతుంది, 550 వాట్ల సప్లై ఉండాలంటున్నారు. నా సప్లైలో 6 పిన్నుల తీగ ఒక్కటే ఉంది. కార్డుకేమో 8 పిన్నులు కావాలి. కన్వర్టర్ తగిలిస్తే చాలునని సికింద్రాబాద్‌లో ఒక దుకాణదారు చెప్పాడు. నాకు ధైర్యం చాలడం లేదు. కొత్త సాకెట్ అయిన ఏఎం5కి మారిపొమ్మని కూడా అన్నాడు, అయితే బోర్డు, డీడీఆర్5 ర్యామ్ అన్నీ కొత్తవే కొనాలి కదా!

ఇంకొకటి. 5700ఎక్స్ పెట్టే ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (బోర్డులో ఉండే మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాలి. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇంటి ఇన్వర్టర్ మీద చేయవచ్చా, లేక కరెంటు మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉందా? యూపీఎస్ తప్పనిసరి అంటారా? 5700ఎక్స్‌తో కూలర్ రాదు కాబట్టి, 2600తో వచ్చిన చిన్న కూలర్ గంటల తరబడి రెండరింగ్‌కు ఆగుతుందో లేదో కూడా వాడినవారు చెప్పగలరు.