లైసెన్సు మంజూరైంది: రివాల్వర్ తీసుకోవాలా, పిస్టల్ తీసుకోవాలా?

మిల్లు యజమాని, మిర్యాలగూడ:
ఆత్మరక్షణ కోసం పెట్టుకున్న ఆయుధ లైసెన్సు దరఖాస్తు ఇటీవలే మంజూరైంది. మాది రైస్ మిల్లు. వడ్ల సీజనులో రైతులకు చెల్లింపులు ముగించుకుని రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరవలసి వస్తుంది. ఆ సమయంలో చేతిలో నగదు ఉంటుందని ఊరందరికీ తెలుసు. తోటి మిల్లర్లు సెమీ ఆటోమేటిక్ పిస్టలే కొనమంటున్నారు. మా మామగారి వద్ద పాత .32 (తూటా లావు అంగుళాలలో) రివాల్వర్ ఉండేది కనుక ఆయన దానిని తప్ప మరొకదానిని ఆయుధమని ఒప్పుకోరు. ఇంట్లో నా భార్య, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు ఉన్నారు. నేను ఇంతవరకు తుపాకీ పేల్చిన వాడిని కాను. మోజు కోసం కాకుండా, అనుభవం మీద చెప్పగలిగిన వారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత హవల్దార్, నకిరేకల్:
సర్వీసులో నేను మోసినది ఇషాపూర్‌లో తయారయ్యే 9 మి.మీ. 1ఎ పిస్టల్. తూటాలు నింపే పెట్టె అయిన మ్యాగజైనులో 13 తూటాలు పట్టే ఆ ఆయుధం మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. అయినా మీకు రివాల్వరే చెబుతాను, ఎందుకంటే మేము ప్రతి వారం ఆయుధం విప్పి, తుడిచి, తిరిగి బిగించి, పై అధికారి ఎదుట ఖాళీ చేసి చూపించేవాళ్లం, మీరు ఆ పని చేయరు. చేస్తానని మొదటి నెలలో అందరూ అనుకుంటారు.

పిస్టల్‌తో వచ్చే అసలు ప్రమాదం ఖాళీ చేసేటప్పుడే ఉంటుంది. మ్యాగజైన్ బయటికి తీయగానే తుపాకీ ఖాళీ అయిందని కొత్తవాడి మనసు నమ్మేస్తుంది. కానీ అప్పటికే చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనుక తూటా పేలే గదిలోకి, ఎక్కిన ఒక తూటా అక్కడే కూర్చుని ఉంటుంది. మ్యాగజైన్ తీశాక, పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడును పూర్తిగా వెనక్కి లాగి, ఆ తూటా కింద పడటం చూసి, చాంబర్‌లోకి కంటితో తొంగి చూసి, చీకటైతే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. ఈ వరుస తారుమారై ముందు స్లైడు లాగి తరువాత మ్యాగజైన్ తీస్తే, పాత తూటా బయటపడి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. అటువంటి పొరపాటు శిక్షణ పొందిన వారి చేతిలోనే జరగడం నేను చూశాను. రివాల్వర్‌లో తూటాలు పట్టి తిరిగే సిలిండరును తెరిస్తే ఆరు చాంబర్లూ ఒకేసారి కళ్ల ముందు ఉంటాయి. నిద్ర మత్తులో ఉన్నవాడైనా అందులో తూటా ఉన్నదీ లేనిదీ చెప్పగలడు.

పాలమూరు షూటర్:
హవల్దార్ సాబ్ ఖాళీ చేయడం గురించి చెప్పినది అక్షరాలా నిజం. అయితే ఆయన ట్రిగ్గర్ సంగతి ఎందుకు దాటవేశారో నాకు అర్థం కాలేదు. రివాల్వర్‌ను డబుల్ యాక్షన్‌లో పేల్చాలంటే, అంటే తూటాను పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌ను ముందుగా ఎక్కుపెట్టకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కాలంటే, వేలి మీద సుమారు ఐదు కిలోల బరువు పడుతుంది. ఆ ఒక్క నొక్కుతోనే హ్యామర్ లేవాలి, సిలిండరు తిరగాలి, తాళం పడాలి. ఈ దూరమంతా వేలు లాగుతున్నంతసేపు గొట్టం చివర ఊగుతూ ఉంటుంది. కొత్తవాడి తూటా గోడకు తగిలేది అందుకే. హ్యామర్‌ను బొటనవేలితో ఎక్కుపెట్టి పేలిస్తే గురి బాగుంటుంది, నిజమే. కానీ అప్పుడు ట్రిగ్గర్ ఎంత తేలిక అవుతుందంటే, వణికే చేతిలో అలా ఎక్కుపెట్టిన రివాల్వర్ కంటే ప్రమాదకరమైన వస్తువు ఇంట్లో మరొకటి ఉండదు. పేల్చకుండా ఆ హ్యామర్‌ను మెల్లగా దించడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

పిస్టల్ పలచగా ఉంటుంది కనుక లాల్చీ కింద కనబడదు, మ్యాగజైన్ మార్చడం రెండు మూడు సెకన్ల పని. ఆరు తూటాలు అయిపోయాక ఖాళీ తొడుగులను దులిపి, ఒక్కొక్కటిగా మళ్లీ నింపుకోవడం భయంలో ఉన్న మనిషి వేళ్లకు సాధ్యమయ్యేది కాదు. 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో ఇద్దరు దోపిడీ దొంగలతో ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వారికి జరిగిన కాల్పులలో ఇద్దరు ఏజెంట్లు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. రివాల్వర్‌ను తిరిగి నింపుతుండగానే ఒక ఏజెంటు చేతికి తూటా తగిలింది. ఆ తరువాతనే ఆ సంస్థ రివాల్వర్లను పక్కనపెట్టి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ల వైపు మళ్లింది.

విశ్రాంత హవల్దార్, నకిరేకల్:
మయామీ గురించి సగమే చెప్పారు, తమ్ముడూ. ఆ రోజు కొందరు ఏజెంట్ల వద్ద 9 మి.మీ. పిస్టళ్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని తూటా దొంగ శరీరంలో గుండె దాకా వెళ్లకుండా ముందే ఆగిపోయింది. చివరికి ఒక చేయి పనికిరాకుండా పోయిన ఏజెంటు రివాల్వర్‌తో దగ్గరికి నడిచి వెళ్లి కాల్చినప్పుడే ఆ పోరు ముగిసింది. పైగా దొంగల చేతిలో ఉన్నది రైఫిలు. ఆ కథను మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గరికి తీసుకురావడం సరికాదు. ఇక్కడ ఎదురయ్యే మనిషి మూడు నాలుగు గజాల దూరంలో ఉంటాడు, ఒకటి రెండు తూటాలలోపే అటో ఇటో తేలిపోతుంది.

వకీలు, మహబూబ్‌నగర్:
వాదన ముదరక ముందే చట్టం ఎంత మేరకు ఎంపికను మిగిల్చిందో చూసుకోవడం మంచిది. 9 మి.మీ. పిస్టల్, .38 రివాల్వర్ రెండూ నిషేధిత బోరు (పౌరులకు మామూలుగా ఇవ్వని గొట్టం కొలత) కిందికి వస్తాయి కనుక సాధారణ లైసెన్సుదారుకు అవి దక్కవు. ఆచరణలో మీకు మిగిలేది .32 రివాల్వర్, .32 పిస్టల్, వాటికంటే చిన్నవైన .22, .25 మాత్రమే. కాబట్టి సినిమాలలో చూసిన పిస్టళ్ల శక్తిని తలచుకుని ఇక్కడ పోల్చడం వృథా. రెండింటి మీదా .32 అని రాసి ఉన్నా తూటాలు వేరు, ఒకదానివి మరొకదానిలో వాడకూడదు. ఆయుధాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత ఒక వ్యక్తి వద్ద రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. బారాత్‌లో గాలిలోకి కాల్చే సరదా ఉన్నవారికి అదే సవరణ రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ రాసి పెట్టింది. మీ లైసెన్సు పుస్తకంలో ఏ రకం ఆయుధమని నమోదైందో ముందు చదువుకోండి.

మరొక మాట. నగదు సంచి లాక్కుని పారిపోతున్న వాడి వీపు మీద కాల్చడానికి ఏ లైసెన్సూ అనుమతించదు. భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఇస్తూనే, ఎదురైన ప్రమాదానికి మించి హాని చేయరాదని గిరి గీశాయి. ఆరు తూటాలా, ఎనిమిది తూటాలా అని తర్కించే మిత్రులు ప్రతి తూటాకూ కోర్టులో జవాబు చెప్పవలసి ఉంటుందని కూడా లెక్క వేసుకోవాలి.

జిన్నింగ్ మిల్లు, చండూరు:
నా వద్ద కొన్నేళ్లుగా .32 పిస్టల్ ఉంది, వదులుకునే ఆలోచన లేదు. కానీ దాని గురించి ఎవరూ చెప్పని ఒక సంగతి చెబుతాను. పత్తి సీజనులో మా మిల్లులో గాలి నిండా దూది పోగులు ఎగురుతూ ఉంటాయి. నడుముకు పెట్టుకున్న పిస్టల్‌ను ఒక రోజు విప్పి చూస్తే, నూనె రాసిన స్లైడు పట్టాల వెంట బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంది. గోటితో గీకితే జిడ్డు బత్తీలా వచ్చింది. ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద కూడా అదే. ఆ స్థితిలో పేలిస్తే మొదటి తూటా వెళ్లేదేమో గాని, రెండవది ఎక్కేదని నేను అనుకోను. రైస్ మిల్లులో ఊక ధూళి దీనికి ఏమాత్రం తక్కువ కాదు. అప్పటి నుంచి నూనెను తడి కనిపించీ కనిపించనంతగా తుడిచేసి, మూత ఉన్న తోలు హోల్‌స్టర్ (తుపాకీ ఒర) వాడుతున్నాను. మే నెలలో మన చెమటకు తోలు హోల్‌స్టర్ తుప్పు పట్టిస్తుంది కనుక ఇంటికి రాగానే ఆయుధాన్ని అందులోంచి తీసి వేరుగా పెడతాను.

మరొక చిన్న మెలకువ: .32 పిస్టల్ తూటాకు అడుగున కొద్దిపాటి అంచు ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండేలా చూడాలి. వెనక్కి పడితే రెండూ ఒకదానికొకటి కొక్కెం పడి, స్లైడు ఎంత లాగినా కదలవు.

విశ్రాంత హవల్దార్, నకిరేకల్:
సేటు గారు నా పక్షాన వాదించినందుకు కృతజ్ఞతలు. తూటా పేలకపోతే ఏం చేస్తారన్నది కూడా ఇక్కడే చూడాలి. రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, పక్క చాంబర్ తిరిగి వస్తుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ అడుగున చరిచి, స్లైడు లాగి, చెడిన తూటాను పారేసి, మళ్లీ గురి పట్టాలి. రెండవ చేయి తలుపు గడియ మీదో, పిల్లవాడి భుజం మీదో ఉంటే ఆ పని జరగదు.

పాలమూరు షూటర్:
అది ప్రాణం మీదికి వచ్చినప్పటి మాట. సాధన చేసేటప్పుడు మాత్రం ఆ అలవాటు చేసుకోవద్దు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి. టిక్కుమన్న వెంటనే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే, ఆ తూటా గొట్టానికి ఎదురుగా కాక పక్కన ఉండగా పేలే ప్రమాదం ఉంది. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగిన తరువాతే సిలిండరు తెరవాలి. అలాగే రివాల్వర్ ఎన్నటికీ మొరాయించదన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోను. తూటాల అడుగున ఉండి ఖాళీ తొడుగులను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ఎజెక్టరు కింద మాడిన మందు రవ్వ ఒక్కటి ఇరుక్కుంటే సిలిండరు మూత పడదు, పడినా తిరగదు. పిస్టల్ మొరాయిస్తే చాలాసార్లు చేతితోనే సరిచేయవచ్చు, రివాల్వర్ మొరాయిస్తే తరచుగా పనిముట్లు వెతుక్కోవలసిందే.

నా అభిప్రాయం మారలేదు: నెలకు ఒకసారైనా రేంజికి వెళ్లేవాడు పిస్టల్ తీసుకోవాలి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రాష్ట్ర షూటింగ్ రేంజ్ ఉంది. సొంత ఆయుధంతో సాధనకు అనుమతి, తూటాల ఏర్పాటు అక్కడే విచారించుకోండి. తోటలో బత్తాయి చెట్టుకు డబ్బా కట్టి కాల్చడం సాధన కాదు, వకీలు సాబ్‌కు పని కల్పించడం.

మిల్లు యజమాని, మిర్యాలగూడ:
అందరి మాటలూ చదివిన తరువాత డీలరు వద్దకు భార్యను కూడా తీసుకుని వెళ్లాను. ఆయుధం ఆమె పేరున లేదు, ఆమె వాడాలనీ కాదు. నేను బీరువాలో పెట్టిన వస్తువు నిండుగా ఉన్నదో ఖాళీగా ఉన్నదో ఇంట్లో మరొకరికి తెలియాలన్నదే నా ఉద్దేశం. ఖాళీ పిస్టల్ స్లైడును ఆమె సగం వరకే లాగగలిగింది, వేళ్లు జారిపోయాయి. రివాల్వర్ సిలిండరును ఒకసారి చూపించగానే తెరిచి చూసింది. అయితే డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ నాకే బరువనిపించింది, పాలమూరు మిత్రుడి మాట అబద్ధం కాదు. నెలనెలా హైదరాబాద్ వెళ్లి సాధన చేస్తానని నేను చెప్పలేను. వడ్లు వచ్చే రోజులలో ఇంటికే సరిగా వెళ్లను. రివాల్వర్ వైపే మొగ్గుతున్నాను. కాన్పూర్‌లో తయారయ్యే నిర్భీక్ రివాల్వర్ 2014లో వచ్చినప్పుడు బరువు 500 గ్రాములని, ధర లక్షా ఇరవై వేలు దాటిందని చదివాను. దాని బదులు మా మామగారి స్నేహితుడొకరు తన పాత విదేశీ రివాల్వర్ అమ్ముతానంటున్నారు. అది తీసుకోవచ్చునా?

వకీలు, మహబూబ్‌నగర్:
ఇద్దరు లైసెన్సుదారుల మధ్య అమ్మకమైనా చేతులు మారే ముందు అమ్మేవారు జిల్లా మేజిస్ట్రేటుకు లేదా దగ్గరి పోలీస్ స్టేషను అధికారికి లిఖితపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. డబ్బు ముందే ఇచ్చినా ఆయుధాన్ని మాత్రం ఆ లోపల ఇంటికి తెచ్చుకోవద్దు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లో జమ చేయమంటే, రసీదు తీసుకుని జమ చేయడం మీ బాధ్యత.

విశ్రాంత హవల్దార్, నకిరేకల్:
జమ చేసే ముందు గొట్టంలో పలచగా నూనె పట్టించండి, నెలల తరబడి అక్కడ దానిని ఎవరూ తుడవరు.

పాత రివాల్వర్‌ను పేరు చూసి కొనవద్దు. ముందు ఖాళీ చేయించి, ఆరు చాంబర్లూ మీరే చూడండి. తరువాత హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగుతూ, అది పూర్తిగా ఎక్కే లోపలే సిలిండరు తన చోట తాళం పడుతున్నదా అని ఆరు చాంబర్లకూ విడివిడిగా చూడండి. ఐదింటికి పడి ఒకదానికి పడకపోయినా వదిలేయండి, ఆ చాంబర్‌లోని తూటా గొట్టం అంచును చెక్కుకుంటూ వెళుతుంది, సీసపు తునకలు పక్కనున్న వారి మీద పడతాయి. సిలిండరును ముందుకూ వెనక్కూ ఆడించి చూడండి, టకటకమని చప్పుడు వస్తే అరిగినట్టే. గొట్టానికి, సిలిండరుకు మధ్య సందులోంచి వెలుతురు సన్నని గీతలా కనబడాలి, అంతకంటే వెడల్పుగా కనబడితే బేరం మాట్లాడవద్దు. పేల్చేటప్పుడు ఆ సందు పక్కకు వేలు రానివ్వకూడదు, అక్కడి నుంచి వచ్చే మంట చర్మాన్ని చీలుస్తుంది. ఈ పరీక్షలలో ఒక్కటైనా తప్పితే, కాన్పూర్‌దే కొత్తది తీసుకోండి.