1:24 అంబాసిడర్‌పై క్లియర్ కోట్ తెల్లగా మంచు పట్టినట్లయింది, సరిచేయవచ్చా?

ప్రశ్న (తిరుపతి నుంచి):
సభ్యులకు నమస్కారం. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కిన పాత ట్యాక్సీలా కనిపించాలని నా 1:24 (అసలు కారులో 24వ వంతు) డైకాస్ట్, అంటే లోహంతో పోతపోసిన అంబాసిడర్ నమూనా కారుకు ముదురు ఎరుపు రంగు వేసి, తలుపుల గాడుల్లో సన్నని కుంచెతో నల్లరంగు గీశాను. మొన్న ముసురు పట్టిన సాయంత్రం పైన లాకర్ క్లియర్ కోట్ (రంగుపై వేసే పారదర్శక పూత) స్ప్రే చేయగా, ఆరేసరికి పైకప్పంతా తెల్లటి పొర కమ్మింది. రంగు మొత్తం తీసేయవలసిందేనా? అదీగాక, తలుపుల గీతలు ఎందుకో బొమ్మకారు గీతల్లాగే ఉన్నాయి.

సమాధానం (చిత్తూరు నుంచి):
రంగు తీయనవసరం లేదండి. లాకర్‌లోని ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆ చల్లదనానికి నీరై, ఇంకా ఆరని పొరలో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి కనుక, ఆ నెలల్లో ఎండ కాసిన రోజు మధ్యాహ్నం తప్ప నేను స్ప్రే డబ్బా ముట్టను. మీరు కూడా పొడి వాతావరణం కోసం ఆగి, అదే క్లియర్ కోట్‌ను పలుచగా ఒక్కసారి కొట్టండి. కొత్త ద్రావకం పాత పొరను మెత్తబరచి తేమను బయటికి పోనిస్తుంది. అప్పటికీ మచ్చలు మిగిలితే 2000 నంబరు వాటర్ పేపర్‌తో (నీటితో వాడే చాలా సన్నని గరుకు కాగితం) తడిపి తేలికగా రుద్ది, మళ్లీ కొట్టండి.

గీతల విషయం మరింత ముఖ్యమైనది. ఈ నిష్పత్తిలో అర మిల్లీమీటరు గీత అసలు కారుపై 12 మిల్లీమీటర్ల సందుతో సమానం. అంత సందున్న తలుపు సరిగా మూసుకోనట్లే కనిపిస్తుంది, అందుకే కుంచెతో గీత గీయడాన్ని నేను ఎవరికీ సూచించను. క్లియర్ కోట్ పూర్తిగా ఆరిన తరువాత, ఎనామెల్ రంగును టర్పెంటైన్‌తో నీళ్లంత పలుచగా కలిపి కుంచె మొనను గాడికి తాకిస్తే, రంగు దానంతటదే గాడి వెంట పాకిపోతుంది. పక్కకు పొంగినదాన్ని టర్పెంటైన్‌లో ముంచి బాగా పిండిన ఇయర్ బడ్‌తో, గాడికి అడ్డంగా తుడవండి. గాడి వెంబడి తుడిస్తే లోపలి రంగు కూడా వచ్చేస్తుంది. ఎరుపు కారుకు నలుపు కన్నా ముదురు గోధుమ రంగు సహజంగా ఉంటుంది. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, అది క్లియర్ కోట్‌ను, ప్లాస్టిక్ భాగాలను రెండింటినీ కరిగిస్తుంది.

ప్రశ్న:
ధన్యవాదాలండి. ఊడిన వెనుక కిటికీ అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించవచ్చా?

సమాధానం:
వద్దండి. సూపర్ గ్లూ ఆవిరి పారదర్శక ప్లాస్టిక్‌పై పేరుకుని తెల్లటి మసకగా మారుతుంది, అది తుడిస్తే పోదు. తెల్లటి ఫెవికాల్‌ను అగ్గిపుల్ల మొనతో అంచున పెట్టండి, ఆరిన తరువాత కనిపించదు. పని ముగిశాక కారును ప్లాస్టిక్ పీఠంపై నేరుగా నిలపవద్దు. మెత్తని టైర్ల నుంచి ఊరే ప్లాస్టిసైజర్ (వాటిని మెత్తగా ఉంచే రసాయనం) మన వేసవి వేడికి మరింత చురుకై పీఠాన్ని కరిగించి అంటుకుంటుంది, కాబట్టి ప్రతి చక్రం కింద చిన్న అల్యూమినియం రేకు ముక్క పెట్టండి.