సమస్యాపూరణం: పిల్లి కక్కినంత ప్రీతిఁ ద్రాగె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం. భయపడకండి, జుగుప్స వద్దు. మా ఇంటికి జపాన్‌లోని టొకొనామె నుంచి పిల్లి ఆకారపు టీపాట్ ఒకటి వచ్చింది. చేత్తో చేసిన ఎర్రమట్టి క్యూసు, అంటే జపాన్ వాళ్ల టీపాట్. మట్టిలో ఉన్న ఇనుమే కాలి ఆ ఎరుపు తెస్తుందట. చెయ్యి ఊపి పిలిచే మనేకి నెకో పిల్లిబొమ్మలకూ ఆ ఊరే పేరు. కుండను దృష్టిలో పెట్టుకుని పూరించండి.

గోదారిగట్టు:
ఎఱ్ఱ మట్టి తోడ నెలమిఁ జేసిన కుండ
పొయ్యి మీదఁ బెట్టి పొంగఁ జేసి
మూతి వంచి కప్పు ముందు పట్టిన వాఁడు
పిల్లి కక్కినంత ప్రీతిఁ ద్రాగె

నిర్వాహకుడు: గణాలూ యతులూ శుభ్రంగా ఉన్నాయి. కానీ కుండ పగిలిపోయింది సార్! క్యూసు ఆకు నానబెట్టడానికే, పొయ్యి మీదకు కాదు. సెంచా అనే గ్రీన్ టీకి 70-80 డిగ్రీల నీళ్లు చాలు. రెండో పాదం ‘పొయ్యి మీది నీటిఁ బోసి యందు’ అంటే సరి. కుండలోకి పిల్లి ఎలా వచ్చిందో మీరు చెప్పలేదు, అదొక లోటు.

నాగోయా తెలుగు:
పిడిగఁ దోక నిలిచెఁ బెదవులే కొమ్మాయె
చిట్టచివరి చుక్క చిందు వఱకు
వంచి యుంచె నతఁడు వదలక యా కుండ
పిల్లి కక్కినంత ప్రీతిఁ ద్రాగె

నిర్వాహకుడు: భేష్! ‘కక్కినంత’లోని ‘అంత’ని పట్టింది మీరొక్కరే. మిగతావాళ్లకి అది గణం నింపే మాట, మీకు అదే పద్యం. అక్కడివాళ్లు కుండలో నీరు మిగల్చరు. మిగిలితే ఆకు నానుతూనే ఉండి రెండోసారి పోసే టీ చేదెక్కుతుంది. అందుకే ఆఖరి చుక్క దాకా వంచుతారు. ‘కొమ్ము’ కూడా మన కొమ్ముచెంబు మాటే, హాయిగా ఉంది. ఒక్క సందేహం: ఈ రకం క్యూసుకి పిడి వెనకవైపు కాదు, పక్కన, కొమ్ముకి అడ్డంగా ఉంటుంది. ఏ పిల్లికీ తోక డొక్కలోంచి మొలవదు కదా!

నాగోయా తెలుగు: కుమ్మరి మొలిపించాడండీ, నేనేం చేయను. కుడిచేత్తో పట్టి మణికట్టు తిప్పితే చాలు, వంగుతుంది.

కాకరకాయ:
తనుకి బొజ్జ లోనఁ దడిసె నాకులు నేఁడు
కుక్క పోలు దాని కొమ్ము జూచి
పిల్లి యనుచు బామ్మ నవ్వుచుఁ గప్పులో
పిల్లి కక్కినంత ప్రీతిఁ ద్రాగె

నిర్వాహకుడు: ఊహ బాగుంది. తనుకి కుక్కజాతి జంతువు, పిల్లి అనుకున్నది బామ్మ పొరపాటు. సమస్య అలా విడిపోయింది. పైగా తనుకి కెటిల్‌గా మారిన కథ జపాన్‌లోని గున్మాలో ఉన్న మొరిన్‌జి గుడికి చెందినదే. అక్కడిది లోహపు కెటిల్ అనుకోండి. మట్టి తనుకి టీపాట్లు మెయిజీ కాలంలో (1868-1912) యొక్కైచి ఊళ్లో బంకో రకం మట్టిపాత్రలు చేసే కుమ్మరులు చేశారు. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది: ‘పి’కి ‘న’ ఎలా కుదురుతుంది?

కాకరకాయ: బామ్మ నవ్వాలని పెట్టానండి, తీసేయాలంటే మనసొప్పడం లేదు.

నిర్వాహకుడు: ‘మెల్లగాఁ గప్పులో’ అనండి. పిల్లి, మెల్ల: రెండో అక్షరం ‘ల్ల’ కలిసింది కాబట్టి ప్రాసయతి సరిపోతుంది. వేడి టీ కాబట్టి మెల్లగానే తాగుతుంది.

కాకరకాయ: సరే, మార్చాను. బామ్మ మాత్రం లోపల నవ్వుతూనే ఉంది.