చిన్నప్పుడు చూపు పోయిన కన్ను ఇప్పుడు పక్కకు తిరుగుతోంది, సరిచేయించుకోవచ్చా?

ప్రశ్న:
తొమ్మిదేళ్ల వయసులో కర్రాబిళ్ళ ఆట చూస్తుండగా బిళ్ళ తగిలి నా కుడికంటి చూపు దెబ్బతిన్నది; ఆ కంటితో ఎదురుగా పెట్టిన వేళ్ళు లెక్కపెట్టగలనంతే. పాతికేళ్ళు దాటాక అది నెమ్మదిగా చెవి వైపుకు జరగడం మొదలైంది. ఇప్పుడు నాకు 38 ఏళ్ళు, బడిలో లెక్కలు చెబుతాను. ఒక పిల్లవాణ్ణి ప్రశ్న అడిగితే పక్క బెంచీలోని అమ్మాయి లేచి నిలబడుతోంది. మెల్లకన్ను అదృష్టమని మా అత్తయ్య, చూపు రానప్పుడు ఆపరేషన్ దేనికని మావారు అంటున్నారు. ఈ వయసులో సరిచేస్తారా? తర్వాత ఒకటి రెండుగా కనిపిస్తుందన్న మాట నిజమేనా?

జవాబు 1:
టీచరు గారూ, కంటి ఆసుపత్రిలో మెల్లకన్ను విభాగంలో పనిచేస్తున్నాను. ఒక కంటి నుంచి బొమ్మ మసకగా అందినప్పుడు మెదడు రెండు కళ్ళ బొమ్మలనూ కలిపి చూడలేకపోతుంది. ఆ పట్టు తప్పిన కన్ను పెద్దవాళ్ళలో ఎక్కువగా బయటి వైపుకే జరుగుతుంది. దీనికి వయసు అడ్డు కాదు. చెవి వైపు కండరాన్ని వెనక్కి జరిపి వదులు చేస్తారు, ముక్కు వైపు కండరాన్ని కొంత కత్తిరించి బిగిస్తారు. సాధారణంగా ఇదంతా చూపు తగ్గిన కంటికే చేస్తారు కనుక మంచి కన్ను జోలికి వెళ్ళరు. రెండుగా కనిపించే అవకాశం కొందరికి ఉంటుంది. అందుకే ముందుగా కాంతిని పక్కకు వంచే ప్రిజమ్ అద్దాలతో కన్ను సూటిగా ఉన్నట్టు చేసి పరీక్షిస్తారు. చూపు మాత్రం పెరగదు. కలిపి చూసే శక్తి లేనందువల్ల కొన్నేళ్ళకు కన్ను మళ్ళీ జరగవచ్చు, అప్పుడు ఇంకోసారి చేయవలసి రావచ్చు.

జవాబు 2:
నేను 41వ ఏట చేయించుకున్నాను. మూడు వారాలు తెల్లగుడ్డు కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉంది, పక్కకు చూస్తే లాగినట్టుండేది. అంతవరకు ఏ ఫొటోలోనైనా తల పక్కకు తిప్పే నిలబడ్డాను. ఆ తర్వాత పాస్‌పోర్టు ఫొటోకు సూటిగా చూస్తూ కూర్చున్నాను. దీన్ని అందం కోసం చేసే పని అనడం అన్యాయం. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడగలగడం మీ ఉద్యోగానికి అవసరం.

జవాబు 3:
ఒక మాట చేరుస్తాను. చూపున్నది ఒక్క కన్నే కాబట్టి, పవర్ లేకపోయినా సులభంగా పగలని పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ కళ్ళద్దాలు ఎప్పుడూ పెట్టుకోండి. ఇంకెవరికైనా పెద్ద వయసులో మెల్ల హఠాత్తుగా వచ్చి, ఒకటి రెండుగా కనిపిస్తే అది వేరే సంగతి. షుగరు, బీపీ వల్లనో మెదడులోని సమస్య వల్లనో కంటి నరం దెబ్బతిని ఉండవచ్చు, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.