కాంటెస్సా కుడిదిక్కు స్లైడ్ అయితలేదు, డిఫరెన్షియల్ వెల్డింగ్ కొట్టియ్యాల్నా?

పానగల్లు పోరడు:
అన్నలకు నమస్తే. మాది నల్గొండ పక్కన పానగల్లు. మా పెదనాయిన కాంటెస్సా క్లాసిక్, 1.8 ఇసుజు పెట్రోల్ ఇంజన్, 1994 మోడల్, ఏపీ 24 నంబరు, 12 ఏండ్ల సంది రేకుల షెడ్డుల పడి ఉండె, వెనక సీట్ల కోళ్ళు గుడ్లు వెడ్తుండె అంటే మీరే సమజ్ చేస్కోండ్రి. పోయిన దసరా నుంచి పని షురూ చేసిన. ట్యాంకు దించి కడిగిపిచ్చిన, కార్బొరేటర్ కిట్టు ఏసిన, క్లచ్ ప్లేటు కొత్తది, బ్రేకులు నాలుగు చక్రాలకు కొత్త లైనింగులు, వీల్ సిలిండర్లు మార్చిన, టింకరింగ్ పెయింటింగ్ ఒక షెడ్డుల ఇచ్చిన. చూడనీకె మస్తు అయింది.

వెనక చక్రాలు గుంజే బండి గదా, డ్రిఫ్ట్, అంటే మలుపుల వెనక చక్రాలు జారిచ్చి బండిని అడ్డంగ నడుపుడు, నేర్చుకుందామని ఆశ. మిర్యాలగూడ కాడ మా మేనమామ రైస్ మిల్లు ఉన్నది, వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం శానా పెద్దది, సీజన్ లేనప్పుడు ఖాళీగనే ఉంటది, మామ ఒప్పుకున్నడు. అక్కడ ట్రై చేస్తే మూడు సమస్యలు కనవడ్డయ్.

ఎడమదిక్కు తిప్పి రేజ్ ఇస్తే వెనక భాగం జర జారుతది, మంచిగనే అనిపిస్తది. కుడిదిక్కు తిప్పితే మాత్రం లోపలి చక్రం ఒక్కటే ఫిర్రున తిరిగి పొగ లేస్తది, బండి సక్కగ పోతది, వెనక నుంచి దబదబదబ సప్పుడు. రెండోది, పది నిమిషాలకే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత కాడికి పోతది. మూడోది, స్లైడ్ మధ్యల ఇంజన్ గుక్కపట్టినట్టు ఆగి మళ్ళ అందుకుంటది.

తెలిసిన మెకానిక్ ఏమో డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనక రెండు చక్రాలకు పంచే గేర్లు) వెల్డింగ్ కొట్టియ్యి, రెండు చక్రాలు ఒక్కతీర్గ తిరుగుతయ్ అంటున్నడు. కొట్టియ్యాల్నా వద్దా, జర చెప్పుండ్రి.

పాలమూరోడు:
కొట్టియ్యి బ్రో, ఆలోచన ఎందుకు. అందరు అదే చేస్తరు. కళ్లంల ఏం మజా వస్తది, రాత్రి 12 దాటినంక బైపాస్ ఖాళీగ ఉంటది గదా, ఆడ కొట్టు.

జడ్చర్ల కాకా:
పాలమూరు తమ్మీ, గా బైపాస్ మాట ఇంకోసారి అనకు. రాత్రి 12కే మా దిక్కు టమాట బండ్లు, పాల వ్యాన్లు పోతయ్, లైట్లు లేని ట్రాలీలు ఎదురొస్తయ్. నేను 27 ఏండ్ల సంది గ్యారేజి నడుపుతున్న, హైవే మీదికెల్లి ఎత్తుకొచ్చిన బండ్లు ఎట్లుంటయో, లోపల ఏం అంటుకొని ఉంటదో నేను చూసిన. అది కాకున్నా మోటారు వాహనాల చట్టంల సెక్షన్ 189 అంటే పర్మిషన్ లేకుంట రోడ్డు మీద రేసులు కొట్టుడుకే ఉన్నది, ఇన్సూరెన్స్‌ల కూడా రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు పైసా రాదని పాలసీ కాయితం మీదనే రాసి ఉంటది. పానగల్లు బిడ్డా నువ్వు కళ్లం ఎంచుకున్నవు చూడు, అది తెలివైన పని.

ఇగ నీ సంగతికి వస్త. వెల్డింగ్ ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దో చెప్తా, జర ఓపికతోటి చదువు.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకు సమానంగనే బలం పంచుతది, కానీ ఏ చక్రం తేలికగ ఉన్నదో దానికి పట్టేంత బలమే రెండోదానికి కూడా పోతది. మలుపుల బండి బయటిదిక్కు ఒరుగుతది గదా, లోపలి చక్రం తేలుతది, అందుకే అది ఒక్కటే తిరిగి పొగ లేపుతది. ఇంతవరకు మీ మెకానిక్ చెప్పింది కరెక్టే. కానీ డిఫరెన్షియల్ ఒక్కటే దోషం అయితే ఎడమదిక్కు, కుడిదిక్కు రెండూ ఇంచుమించు ఒక్కతీర్గనే ఉండాలె. నీకు ఒకదిక్కు అయితున్నది, ఒకదిక్కు అయితలేదు. ఆడనే నాకు డౌటు కొట్టింది.

కొంత తేడా ఉండుడు సహజమే. మన బండ్లల్ల వెనక యాక్సిల్ హౌసింగ్ ఒకటే అడ్డ గొట్టం లెక్క ఉంటది, ఇంజన్ గట్టిగ గుంజినప్పుడు ఇంజన్ దిక్కుకెల్లి వెనకకు వచ్చే జాయింట్ షాఫ్ట్ తిరుగుడుకు హౌసింగ్ మొత్తం మెలివడి కుడి వెనక చక్రం పైకి లేవజూస్తది, ఎడమది కిందికి అదుముకుంటది. కుడిదిక్కు తిప్పితే లోపలి చక్రం కుడిదే, అంటే రెండు దిక్కులకెల్లి తేలికైతది. డ్రైవర్ కుడిదిక్కే కూసుంటడు కాబట్టి నీ బరువు కొంత ఆపుతది, కానీ పూర్తిగ ఆపదు.

అయినా గంత తేడా రావద్దు. నువ్వు దబదబదబ అని రాసినవు చూడు, నీ ప్రశ్న మొత్తంల అదే అసలు మాట. అది చక్రం నేలను పట్టలేక ఎగురుతున్న సప్పుడు. కుడి వెనక షాక్ అబ్జార్బర్ చచ్చిపోయి ఉండాలె, లేదంటే దాని పై మౌంటు లూజ్, లేదంటే బుష్‌లు పోయినయ్. బండిని జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి (ఉత్త జాకీ మీద కిందికి దూరకు) ఒక రాడ్డుతోటి గుంజి చూడు. టింకరింగ్ ఎవరో చేసిండ్రు అన్నవు గదా, ఒక చిన్న అయస్కాంతం తీస్కొని వెనక చక్రాల పైన లోపలిదిక్కు, డిక్కీల స్పేర్ చక్రం గుంతల, సీటు కింద ఫ్లోరుల పెట్టుకుంట పో. పట్టుకుంటే రేకు, జారితే పుట్టీ.

పానగల్లు పోరడు:
కాకా నువ్వు చెప్పినంక భయం అయితున్నది, పెయింటింగ్‌కు శానా పెట్టిన. ఆదివారం చూస్త. టెంపరేచర్ సంగతి ఎవరన్న చెప్పుండ్రి. రేడియేటర్ల నీళ్ళు ఫుల్లుగనే ఉంటున్నయ్, లీకేజి లేదు.

సూర్యాపేట అక్క:
ఏం నీళ్ళు పోస్తున్నవు తమ్మీ?

పానగల్లు పోరడు:
ఇంట్ల బోరు నీళ్ళే అక్కా. ఇంకేం పోస్తం.

సూర్యాపేట అక్క:
అదే అడిగిన. మా నాయినది రేడియేటర్ రిపేర్ దుకాణం, ఇప్పుడు నేను చూస్కుంటున్న. నల్గొండ బోరు నీళ్ళ సంగతి నీకు నేను చెప్పాల్నా, మర్రిగూడ, మునుగోడు దిక్కు ఆ నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనుషులను చూసినోళ్ళమే గదా మనం. ఫ్లోరైడ్ ఇంజన్‌కు ఏం చేస్తదో గానీ గట్టి నీళ్ళల్ల ఉండే సున్నం మాత్రం రేడియేటర్ గొట్టాల్ల పేరుకపోతది, ఇంట్ల వాటర్ హీటర్ రాడ్డుకు తెల్లగ పట్టినట్టు. పాత బండ్ల రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు మూసుకపోయి ఉంటయ్. నిలబెట్టినప్పుడు, టౌన్ల తిరిగినప్పుడు నడుస్తది, గట్టిగ రేజ్ ఇచ్చినప్పుడే దాని బండారం బయటపడ్తది.

డ్రిఫ్ట్‌ల ఇంకో కష్టం ఏందంటే ఇంజన్ నిమిషానికి 5000 చుట్ల మీద అరుస్తుంటది, బండి మాత్రం 30, 40 స్పీడ్‌ల అడ్డంగ పోతుంటది, ముందుకెల్లి గాలి సక్కగ తగలదు. మన దగ్గర మే నెలల 45 డిగ్రీలు, సిమెంటు కళ్లం మీద ఇంకా మంట. అందుకని రేడియేటర్ విప్పి పై ట్యాంకు ఊడదీసి గొట్టాలల్ల కమ్మి కొట్టిపియ్యి, ఇత్తడి రాగి రేడియేటర్ అయితే అయితది ఆ పని. ఫ్యాన్ చుట్టూ ఉండే డొప్ప పగిలి ఉంటే కొత్తది కట్టు, అది లేకుంటే ఫ్యాన్ ఉత్తగ ఇంజన్ గాలినే మళ్ళ తిప్పుతది. మూత రబ్బరు చూడు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పొయ్యి, బోరు నీళ్ళ క్యాన్ డిక్కీల పెట్టుకోకు.

కొందరు మిస్త్రీలు థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచి మూసేది) పీకి పారేస్తరు. పీకకు, కొత్తది వెయ్యి. ఇంకోటి, పొద్దుగాల బండి చల్లగ ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడు, బుడగలు ఆగకుంట వస్తున్నయంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ హెడ్డుకు బ్లాకుకు నడుమ ఉండే సీలు, పోయినట్టు. ఆయిల్ మూత కింద ఛాయ్ మీగడ లెక్క తెల్లగ పట్టినా అదే. అప్పుడు రేడియేటర్‌తోటి పని కాదు. వేడి మీద మాత్రం మూత ముట్టకు, మా నాయిన చెయ్యి ఇప్పటికీ మచ్చలే.

పాలమూరోడు:
బైపాస్ మాట వాపస్ తీస్కుంటున్న కాకా, తప్పైంది. కానీ వెల్డింగ్ చేపిస్తే ఎట్ల చేపియ్యాలె, తెలుసుకుందామని అడుగుతున్న. నా దగ్గర ఓమ్నీ ఉన్నది, అది కూడా వెనక గుంజేదే.

జడ్చర్ల కాకా:
ఓమ్నీతోటి డ్రిఫ్ట్ అనకు తమ్మీ, ఎత్తు బండి, పల్టీ కొడ్తది. నవ్వొస్తున్నది కానీ నిజం.

వెల్డింగ్ సంగతి చెప్త, ఇది సగం తెలిసి చేసేటోళ్ళే ఎక్కువ. ముందు బండిల ఉన్న అసలు డిఫరెన్షియల్ ముట్టుకోవద్దు. పాతసామాన్ల ఇంకోటి ఎతుకు. హైదరాబాద్‌ల ఆటోనగర్, రాణిగంజ్ తిరుగు, దొరక్కపోతే చెన్నై పుదుపేట. దొరికినదానికి వెల్డింగ్ కొట్టు, ఒరిజినల్ గుడ్డల చుట్టి దాచుకో, రేపు బండి అమ్మాలన్నా రోడ్డు మీదికి తేవాలన్నా అది కావాలె. ఇంజన్ సామాన్లు మాత్రం అంబాసిడర్ 1800 ఇసుజుకు వచ్చినయే సరిపోతయ్, దానికి ఫికర్ లేదు.

బేరింగులు విప్పి పక్కన పెట్టు. ఎర్తు క్లిప్పు గేర్లు ఉన్న కేసుకే తగిలియ్యి. లోపల నైంటీ ఆయిల్ (గేర్ ఆయిల్) చుక్క లేకుంట డీజిల్‌తోటి కడిగి వేడి నీళ్ళ సబ్బుతోటి మళ్ళ కడిగి ఆరబెట్టాలె. ఈడ ఒక ముచ్చట, స్ప్రే డబ్బాల బ్రేక్ క్లీనర్ కొట్టి దాని మీద వెల్డింగ్ పెట్టకు, కొన్నిట్ల క్లోరిన్ రకం ఉంటది, ఆ మంటకు ఫాస్జీన్ అని విషవాయువు పుడ్తది, ఒక్క పీల్పు చాలు ఊపిరితిత్తులు పోనీకె. ఇది బెదిరిచ్చుడు కాదు. గేర్లను ముందు వేడి చేసి వెల్డింగ్ పెట్టి, అయినంక నీళ్ళల్ల ముంచకుంట పొడి ఇసుకల పూడ్చి నిమ్మళంగ చల్లారనియ్యాలె, దబ్బున చల్లారితే అతుకు పలుగుతది. ఊడే రవ్వ ఒక్కటి ఉన్నా క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్‌ను తిప్పే గేర్లు) పళ్ళు తింటది, మొదటిసారి నడిపినంక ఆయిల్ మార్చి అయస్కాంతం పెట్టి చూడాలె.

ఇంత చేసినా టౌన్ల యూటర్న్ కొట్టంగ టైర్లు కీచుమంటయ్, యాక్సిల్ షాఫ్ట్ మీద బరువు పడ్తది, ఎప్పుడో ఒకరోజు ఇరుగుతది. అందుకే రోడ్డు బండికి వెల్డింగ్ వద్దంట. కంపెనీ ఇచ్చినదాన్ని మార్చుడుకు మోటారు వాహనాల చట్టంల సెక్షన్ 52 అడ్డం, 1994 బండి కాబట్టి 5 ఏండ్లకోసారి ఫిట్‌నెస్ చూపిచ్చి ఆర్సీ రెన్యూవల్ చేపియ్యాలె, ఆడ దొరుకుతవు.

నేర్చుకునేటోనికి అసలు అక్కరే లేదు. కళ్లం మీద ట్యాంకర్‌తోటి నీళ్ళు కొట్టిపియ్యి. తడి మీద రెండు చక్రాలకూ పట్టు తక్కువనే కాబట్టి మామూలు డిఫరెన్షియల్‌తోనే జారుతది, స్పీడ్ తక్కువ, టైర్లు అరగవు. వెనక అరిగిన గట్టి టైర్లు, ముందల మంచి టైర్లు. డ్రిఫ్ట్‌కు గుర్రపు బలం శానా కావాలనుకుంటరు అందరు, జపానోళ్ళు మోజు పడ్డ టొయోటా ఏఈ86ది 1.6 లీటర్ ఇంజనే. కాకుంటే అది తేలిక బండి, నీది పెండ్లి బండి.

పానగల్లు పోరడు:
కాకా నీ నోట్ల చక్కెర పొయ్యాలె, కానీ నాకు ఏడుపొస్తున్నది. అయస్కాంతం పెట్టిన. ఎడమదిక్కు అంతట పట్టింది. కుడి వెనక చక్రం పైన డిక్కీ లోపల షాక్ మౌంటు చుట్టూ జారింది. స్క్రూడ్రైవర్‌తోటి గీకితే వేలు మందం పుట్టీ, దాని కింద పేపర్ కుక్కి ఉన్నది, ఒట్టు, న్యూస్ పేపర్! తుప్పు మొత్తం తిని రేకు ఊడిపోయి షాక్ మౌంటు ఒక పక్కన గాలిల ఉన్నది. నేను దాని మీద 5000 రేజ్ కొట్టిన. టింకరింగ్ షెడ్డాయన ఫోన్ ఎత్తుతలేడు.

జడ్చర్ల కాకా:
దొరికింది గదా, సంతోషపడు. బండి నడపకు ఇగ. తుప్పు పట్టిన రేకు మెరిసేదాక కోసి తీసెయ్యాలె, దాని మీదనే అతుకు ఏస్తే మళ్ళ ఊడ్తది. 2 ఎంఎం రేకు మౌంటు ఆకారంల వంచి వెల్డింగ్, లోపలిదిక్కు ఇంకో పట్టీ. జింక్ ప్రైమర్ కొట్టి అండర్‌బాడీ కోటింగ్. షాకులు రెండూ కలిసి మార్చు, ఒకటే మారిస్తే మళ్ళ ఎడమ కుడి తేడా వస్తది. వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ వైరు తీసి, ట్యాంకు దించి దూరం పెట్టిండ్రా లేదా నువ్వే నిలబడి చూడు.

పానగల్లు పోరడు:
నెల పట్టింది, ఇప్పుడు రాస్తున్న. మౌంటు అయింది, షాకులు కొత్తవి. అక్కా నువ్వు చెప్పినట్టే రేడియేటర్ విప్పితే సున్నం బిళ్ళలు బిళ్ళలుగ పడ్డది, మిస్త్రీ నవ్విండు. ఇప్పుడు ఇరవై నిమిషాలు కొట్టినా ముల్లు సగం దాటలేదు. తడి కళ్లం మీద కుడిదిక్కు కూడా జారింది, ఎడమంత కాదు కానీ జారింది, దబదబ పోయింది. రెండుసార్లు గుండ్రంగ తిరిగి గోనె సంచుల కాడ ఆగిన. వెల్డింగ్ చేపియ్యలేదు.

గుక్కపట్టుడు మాత్రం ఇంకా ఉన్నది.

జడ్చర్ల కాకా:
అది కార్బొరేటర్ గిన్నెల పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి జెట్టుకు అందకపోవుడు. కొత్త కిట్టు ఏసినవు గదా, ఫ్లోట్ (గిన్నెల పెట్రోల్ మట్టం చూసే తేలుడు బిళ్ళ) లెవెల్ జర కిందికి ఉండొచ్చు, కొలిచి పెట్టిపియ్యి. ఆయిల్ కూడా గట్లనే పక్కకు పోతది, డిప్‌స్టిక్ మీద పై గీత కాడికి ఉంచు, స్లైడ్‌ల ఆయిల్ లైటు మినుకుమన్నదంటే వెంటనే కాలు తియ్యి, ఆనాటికి చాలియ్యి.

పానగల్లు పోరడు:
సరే కాకా, రేపే పెట్టిపిస్త. ఇంకో చిన్న సందేహం, ఇది బండిది కాదు. కళ్లం మీద టైర్ల నల్లగీతలు పడ్డయ్, యాసంగి వడ్లు వచ్చేలోపు పోకపోతే మామ నన్ను వడ్లతోపాటు ఆరబోస్త అంటున్నడు. దేంతోటి కడిగితే పోతయ్?

సూర్యాపేట అక్క:
కిరోసిన్, డీజిల్ పొయ్యకు, వడ్లకు వాసన పడ్తది. సర్ఫ్ నీళ్ళు పోసి అరగంట నాననిచ్చి తీగ బ్రష్షుతోటి రుద్దు. రుద్దేది నువ్వే, మిల్లు హమాలీలకు చెప్పకు.