సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ లెక్కలో గాఢత సగమే వస్తోంది, ఎందుకు?

నీలిలిట్మస్:
అందరికీ నమస్కారం. లెక్క ఇదీ: 25 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని పూర్తిగా తటస్థీకరించడానికి 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) సల్ఫ్యూరిక్ ఆమ్లం 18.5 మి.లీ. పట్టింది. క్షారం గాఢత ఎంత? ఎం1వీ1 = ఎం2వీ2 (మోలారిటీ × పరిమాణం రెండు వైపులా సమానం) వేస్తే 0.074 మోలార్ వస్తోంది. పుస్తకం చివర జవాబు 0.148 అని ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం లెక్కలన్నీ ఇదే సూత్రంతో సరిపోతున్నాయి. పరీక్ష దగ్గర పడింది, ఈ ఒక్క చోటే టెన్షన్. ఎవరైనా చెప్పగలరా?

మోల్‌లెక్క:
ఆ సూత్రం నిజానికి పలుచన చేసే లెక్కలదండీ. ద్రావణంలో నీళ్లు కలిపితే గాఢత తగ్గుతుంది కానీ అందులో ఉన్న మోల్‌లు ఎక్కడికీ పోవు, అందుకే అక్కడ రెండు వైపులా సమానం. తటస్థీకరణలో ఆమ్లం మోల్‌లు, క్షారం మోల్‌లు సమానంగా ఉండాలనే నియమం లేదు. సమానం కావాల్సింది ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్ అయాన్లు, క్షారం ఇచ్చే హైడ్రాక్సైడ్ అయాన్లు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తుంది, సోడియం హైడ్రాక్సైడ్ కూడా ఒక్కటే ఇస్తుంది కాబట్టి అక్కడ ఆ సూత్రం సరిపోతోంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం అణువుకు రెండు ఇస్తుంది. 18.5ని 0.1తో గుణిస్తే ఆమ్లం 1.85 మిల్లీమోల్‌లు. దానికి రెట్టింపు, అంటే 3.7 మిల్లీమోల్‌ల క్షారం కావాలి. అది 25 మి.లీ.లో ఉంది కాబట్టి 3.7ని 25తో భాగించండి, 0.148 మోలార్.

మి.లీ.ని మోలారిటీతో గుణిస్తే నేరుగా మిల్లీమోల్‌లే వస్తాయి. లీటర్లలోకి మార్చి సున్నాలు లెక్కపెట్టుకునే పని ఉండదు.

ఆమ్లవర్ష:
నార్మాలిటీలో, అంటే ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్ అయాన్లను లెక్కలోకి తీసుకునే గాఢతలో వేస్తే ఇంకా తేలిక. 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం అంటే 0.2 నార్మల్. 0.2 × 18.5 = ఎన్ × 25. అదే 0.148. మేమంతా ఇలాగే చేసేవాళ్లం.

మోల్‌లెక్క:
జవాబు సరిగ్గానే వస్తుంది వర్ష గారూ. కానీ ఆ రెండుతో గుణించడం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా నార్మాలిటీ నేర్చుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. ఒకే ద్రావణం నార్మాలిటీ చర్యను బట్టి మారుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లాన్నే తీసుకోండి. మిథైల్ ఆరెంజ్ అనే సూచిక (రంగు మారి చర్య ముగింపును చూపేది) రంగు మారేసరికి దాదాపు ఒక్క హైడ్రోజన్ అయానే తటస్థమవుతుంది, ఫినాల్ఫ్తలీన్‌తో అయితే దాదాపు రెండు. మూడోది మామూలు టైట్రేషన్‌లో (ఒక ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ రెండోదాని గాఢత తేల్చడంలో) దొరకనే దొరకదు. మరి దాని నార్మాలిటీ మోలారిటీకి ఎన్ని రెట్లంటారు? తుల్య సమీకరణం రాసుకుని మోల్‌ల నిష్పత్తి చూసేవాళ్లకు ఈ చిక్కు రాదు.

ల్యాబ్‌కోటు:
లెక్క తేలింది కాబట్టి ల్యాబ్ వైపు నుంచి నాలుగు మాటలు. మీ లెక్కలో ఆమ్లం గాఢత 0.1 అని ముందే ఇచ్చేశారు. ల్యాబ్‌లో అలా ఎవరూ ఇవ్వరు. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లల్ని 4 గ్రాములు తూచి లీటరు ద్రావణం చేసి 0.1 మోలార్ అని రాసేస్తే కుదరదు. తూస్తుండగానే అవి గాలిలోని తేమను లాగేసుకుని మెరుస్తూ జిగటగా అవుతాయి, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుంటాయి. మీరు తూచిందంతా సోడియం హైడ్రాక్సైడ్ కాదన్నమాట.

అందుకే దాని గాఢతను పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో తేలుస్తాం. అది పొడిగా ఉండే నిలకడైన ఘనపదార్థం, మోలార్ ద్రవ్యరాశి 204.22. 0.5106 గ్రాములు తీసుకుంటే 2.5 మిల్లీమోల్‌లు. ఒకటికి ఒకటి నిష్పత్తి. దానికి 24.6 మి.లీ. క్షారం పడితే, 2.5ని 24.6తో భాగించి 0.1016 మోలార్ అని సీసా మీద రాస్తాం. ఆ తర్వాత లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

గాజు సామాను కడగడం దగ్గర కూడా గాఢత తేడా వస్తుంది. బ్యూరెట్‌నీ (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే, కొళాయి ఉన్న కొలత గొట్టం) పిపెట్‌నీ (కచ్చితమైన పరిమాణం తీసే గొట్టం) అందులో పోయబోయే ద్రావణంతోనే తొలచాలి. కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. ఫ్లాస్క్‌లో నీళ్లు మిగిలినా ఫర్వాలేదు, అందులో మీరు పిపెట్‌తో వేసిన మోల్‌లు మారవు. బ్యూరెట్‌లో నీటి తడి ఉంటే మాత్రం అందులో పోసిన ఆమ్లం పలుచబడి, ఎక్కువ పరిమాణం పడుతుంది. దాంతో క్షారం గాఢత ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొళాయి కింది మొనలో గాలి బుడగ ఉంటే ముందే వదిలేయండి. అది మధ్యలో బయటికొస్తే, ఫ్లాస్క్‌లో పడని ద్రావణం కూడా పడినట్టే రీడింగ్‌లో చేరుతుంది.

నీలిలిట్మస్:
చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఇంకొకటి అడగనా? ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, చాలా కొద్దిగానే అయనీకరణం చెందుతుంది కదా. అంటే దానికి తక్కువ క్షారం సరిపోవాలి కదా?

మోల్‌లెక్క:
సరిపోదండీ. ద్రావణంలో ఆ క్షణాన విడిగా ఉన్న హైడ్రోజన్ అయాన్లు కొద్దే, నిజమే. కానీ క్షారం వాటిని నీటిగా మార్చేస్తుంటే సమతాస్థితి ముందుకు జరిగి మిగతా అణువులు కూడా విడిపోతూనే ఉంటాయి. చివరికి మొత్తం ఆమ్లం తటస్థమవుతుంది. బలం పీహెచ్‌ను మారుస్తుంది తప్ప పట్టే క్షారం మోల్‌లను కాదు.

ల్యాబ్‌కోటు:
వెనిగర్‌తో చేసి చూడండి, బాగా అర్థమవుతుంది. 10 మి.లీ. తీసుకుని 100 మి.లీ.కి పలుచన చేసి, అందులోంచి 10 మి.లీ. టైట్రేట్ చేశారనుకోండి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 8.4 మి.లీ. పడితే పలుచని ద్రావణం 0.084 మోలార్. పది రెట్లు పలుచన చేశాం కాబట్టి అసలుది 0.84. ఈ పదితో గుణించడం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మోలార్ ద్రవ్యరాశి 60.05తో గుణిస్తే లీటరుకు సుమారు 50 గ్రాములు, సీసా మీద 5 శాతం అని ఉండేది అదే.

ఇక్కడ సూచిక ఫినాల్ఫ్తలీనే వాడాలి. తుల్యతా బిందువు (ఆమ్లం మొత్తానికి సరిగ్గా సరిపడా క్షారం పడిన క్షణం) దగ్గర ఏర్పడే సోడియం ఎసిటేట్ వల్ల పీహెచ్ 7 దాటి 8 పైన ఉంటుంది. మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 మధ్యలో రంగు మారుతుంది కాబట్టి సగం ఆమ్లం కూడా అవకముందే అయిపోయినట్టు చూపిస్తుంది. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే రీడింగ్ తీసుకోండి. తర్వాత ఆ రంగు పోయినా మళ్లీ చుక్కలు వేయకండి, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని.

ఆమ్లవర్ష:
పరీక్షలో ఇంకో రకం కూడా వస్తుంది, చూసుకోండి. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ.లో అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ 30 మి.లీ. కలిపితే మిగిలేదేమిటి? 5 మిల్లీమోల్‌లలో 3 పోగా 2 మిల్లీమోల్‌ల ఆమ్లం. భాగించాల్సింది 50తో కాదు, మొత్తం 80 మి.లీ.తో. 0.025 మోలార్, పీహెచ్ 1.6.